కోరింత దగ్గు, ముక్కులో చుక్కలు: మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో కోరింత దగ్గు గురించి రాసింది చూసి చాలామంది ఉత్తరాలు రాశారు. ముక్కులో వేసే టీకా వస్తోందట కదా, జంతువుల మీద పరీక్షలు బాగా జరిగాయట కదా అని సగం మంది అదే అడిగారు. అందుకే ఈసారి ఇంకే విషయమూ పెట్టుకోకుండా ఈ ఒక్కదాని మీదే కూర్చున్నాను.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. ఇంజెక్షన్లన్నీ టైముకి వేయించాం, అదీ ప్రైవేటులో, నొప్పి ఉండదని చెప్పే రకమే. అయినా మూడు వారాలుగా దగ్గు, రాత్రయితే తెరలు తెరలుగా వచ్చి చివర్లో వాంతి అవుతోంది. కోరింత దగ్గు కావచ్చు అన్నారు డాక్టరు గారు. అదే ఇంట్లో మా తోటికోడలి పాపకు రెండు నెలలు. చాలా టెన్షన్‌గా ఉంది. టీకా వేయించాక కూడా ఎలా వస్తుంది? (ఒక తల్లి, తెనాలి)

అమ్మా, ముందు పాప సంగతి. బాబును ఈ పూటే వేరే గదిలో పడుకోబెట్టండి, పాపను ఎత్తుకోనివ్వకండి, ఇంట్లో రెండు నెలల బిడ్డ ఉందని మీ డాక్టరు గారికి తప్పకుండా చెప్పండి. బాబుకే కాదు, ఇంట్లో మిగతావాళ్లకూ యాంటీబయాటిక్ ఇవ్వాలో లేదో ఆయన చెబుతారు. చంటిపిల్లల్లో ఈ జబ్బు పెద్ద దగ్గుతో బయటపడకపోవచ్చు, ఊపిరి ఆగినట్టు అవడం, పెదాలు నీలంగా మారడం, పాలు తాగలేకపోవడం, ఇవి కనిపిస్తే రాత్రి రెండింటికైనా సరే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మిగతాది ఆ తర్వాత చదవండి.

ఇక మీ ప్రశ్న. కోరింత దగ్గు టీకాలు రెండు రకాలు. సర్కారు ఆస్పత్రిలో, అంగన్‌వాడీలో వేసేది పాత రకం. బోర్డెటెల్లా పెర్టుసిస్ అనే క్రిమిని మొత్తంగా చంపి అందులో కలుపుతారు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావలెంట్‌లో, తర్వాత ఏడాదిన్నర ప్రాంతంలో ఒకసారి, ఐదారేళ్లకు ఇంకోసారి డీపీటీ బూస్టర్‌లో ఇది ఉంటుంది. తొడ వాస్తుంది, ఒకటి రెండు రోజులు జ్వరం వస్తుంది, పిల్లలు ఏడుస్తారు. మీరు వేయించింది రెండోది, క్రిమిలోంచి కొన్ని ప్రోటీన్లను మాత్రమే శుద్ధిచేసి తీసి తయారుచేసేది. ఇది 1981లో జపాన్‌లో మొదలైంది, 1990ల్లో అమెరికా కూడా దీనికే మారింది. జ్వరం, వాపు బాగా తక్కువ, పిల్లల్ని ప్రాణాపాయం నుంచి బాగానే కాపాడుతుంది, కానీ దాని బలం కొన్నేళ్లకు తగ్గిపోతుంది. మీ బాబుది ఆ వయసే.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది, అది మనుషుల్లో కాదు, బబూన్ కోతుల్లో బయటపడింది. అమెరికాలో మందులను, టీకాలను నియంత్రించే ఎఫ్‌డీఏలో జేసన్ వార్ఫెల్, టాడ్ మెర్కెల్ అనే శాస్త్రవేత్తల బృందం బబూన్ పిల్లలకు అక్కడి పిల్లలకు వేసినట్టే రెండు, నాలుగు, ఆరు నెలల వయసులో టీకాలు వేసింది, కొన్నిటికి పాత రకం, కొన్నిటికి కొత్త రకం, కొన్నిటికి ఏదీ లేదు. ఏడో నెలలో అన్నిటికీ బతికున్న క్రిమిని ఎక్కించి, క్రమం తప్పకుండా ముక్కు వెనక భాగాన్ని కడిగిన నీటిలో క్రిములు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారు. టీకా పడనివి వారాల తరబడి దగ్గాయి. రెండు రకాల్లో ఏది వేసుకున్నా దగ్గు లేదు, జబ్బు లేదు. అయితే కొత్త రకం వేసిన వాటి ముక్కులో మాత్రం క్రిమి దాదాపు టీకా లేని వాటిలో ఉన్నంత కాలం, నెల దాటి కూడా, కాపురం పెట్టింది. పాత రకం వేసిన వాటిలో అంతకంటే త్వరగా పోయింది. అంతకుముందు ఒకసారి జబ్బుపడి కోలుకున్న బబూన్ల ముక్కులో అసలు నిలవనేలేదు. తర్వాత, కొత్త టీకా వేసుకుని పైకి శుభ్రంగా, చలాకీగా కనిపిస్తున్న బబూన్‌తో టీకా లేని బబూన్‌ను కలిపి ఉంచితే దానికి జబ్బు అంటుకుంది. 2013 చివర్లో ఈ ఫలితాలు వచ్చినప్పుడు ఈ రంగంలో ఉన్నవాళ్లం చాలామందిమి కొంతసేపు మాట్లాడలేకపోయాం, ఎందుకంటే టీకా వేసుకున్న పెద్దపిల్లలు చంటిపిల్లలకు అడ్డుగోడలా ఉంటారని అప్పటిదాకా మేమే తల్లులకు చెబుతూ వచ్చాం.

ముక్కు టీకా ఆలోచన ఇక్కడే బలపడింది. చేతికో తొడకో వేసిన సూది రక్తంలో కాపలా పెడుతుంది. ఈ క్రిమి మాత్రం రక్తంలోకి వెళ్లేదే కాదు, ముక్కు, గొంతు, శ్వాసనాళం లోపలి జిగురు పొర మీద, అక్కడ ఊగుతుండే సన్నని నూగును పట్టుకుని ఉండిపోతుంది. దొంగ అరుగు మీదే కూర్చుంటే వంటింట్లో కాపలా పెట్టి ఏం లాభం?

మీ టీకా మాత్రం వృథా కాలేదమ్మా. బాబు దగ్గుతున్నాడు, నిజమే, కానీ టీకా పడని పిల్లల్లో ఇది ఎంత దారుణంగా వస్తుందో ఒకసారి చూసినవాళ్లు మర్చిపోలేరు.

ప్రశ్న: మా కుక్కపిల్లకు వెటర్నరీ డాక్టరు గారు దగ్గు రాకుండా ముక్కులో చుక్కలు వేశారు. పేరు చూస్తే బోర్డెటెల్లా అని ఉంది. మరి కుక్కలకు ఉన్నది పిల్లలకెందుకు లేదు? (హైదరాబాద్ నుంచి ఒకరు)

చాలా మంచి ప్రశ్న, ఇంకెవరూ అడగలేదు. కుక్కలకు వచ్చేది బోర్డెటెల్లా బ్రాంకైసెప్టికా, మన క్రిమికి దగ్గర చుట్టం. దానికి ముక్కులో వేసే టీకా దశాబ్దాలుగా వాడకంలో ఉంది. అక్కడ పని సులువు ఎందుకైందంటే, జబ్బు కుక్కది, పరీక్షించేదీ కుక్క మీదే. టీకా వేసిన కుక్కలను, వేయని కుక్కలను క్రిమికి ఎదురుపెట్టి ఏవి దగ్గుతున్నాయో చూస్తే తేలిపోతుంది, మధ్యలో ఊహించాల్సింది ఏమీ లేదు.

మన కోరింత దగ్గు క్రిమి మనిషిని తప్ప ప్రకృతిలో ఇంకే జంతువునూ ఇల్లు చేసుకోలేదు. అందువల్ల ఏ జంతువులో పరీక్షించినా అది అరువు తెచ్చుకున్న జబ్బే. ఆ జంతువులో కనిపించింది పసిబిడ్డలో ఎంతవరకు నిజమవుతుందన్నదే ముప్పై నలభై ఏళ్లుగా ఈ రంగాన్ని వేధిస్తున్న ప్రశ్న. (ఆ చుక్కల్లో ఉన్నది బలహీనపరిచిన బతికున్న క్రిమి. ఇంట్లో కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లో రోగనిరోధకశక్తి బాగా తగ్గినవాళ్లో ఉంటే వెటర్నరీ డాక్టరుకు ముందే చెప్పండి.)

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ. చిట్టెలుకలు కోరింత దగ్గు దగ్గవు అని క్లాసులో చెప్పారు. దగ్గని జంతువు మీద దగ్గు టీకా పరీక్షిస్తే ఏం తెలుస్తుంది? (కరీంనగర్)

తమ్ముడూ, చాలా తెలుస్తుంది, కాకపోతే ఏ జంతువును ఏం అడగాలో తెలిసి అడగాలి.

నేను కొన్నేళ్లు చిట్టెలుకలతో పనిచేశాను కాబట్టి ముందు చేతిపని చెబుతాను, పుస్తకాల్లో ఇది ఒక్క వాక్యంలో అయిపోతుంది. చిట్టెలుక ముక్కు రంధ్రం ఆవగింజంత కూడా ఉండదు. దానికి మత్తిచ్చి, వెల్లకిలా పట్టుకుని, మైక్రోపిపెట్‌తో ముక్కు కొస మీద బొట్టు పెడితే అది ఊపిరి పీల్చినప్పుడు బొట్టు లోపలికి పోతుంది. అంతే పని. ఆ బొట్టు ఎంత అన్నదే అసలు సంగతి. మత్తులో ఉన్న చిట్టెలుకకు 50 మైక్రోలీటర్లు, అంటే మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు వేస్తే, అందులో చాలా భాగం నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. మెలకువగా ఉన్నదానికి ఐదో పదో మైక్రోలీటర్లు వేస్తే ముక్కులోనే ఉంటుంది. ఈ రెండు రకాల పరిశోధన పేపర్లలోనూ “ముక్కు ద్వారా ఇచ్చాం” అనే రాసి ఉంటుంది. ఒకటి ముక్కు టీకా, ఇంకోటి నిజానికి ఊపిరితిత్తుల టీకా. నువ్వు ఏ పేపరు చదివినా ముందు మత్తు ఇచ్చారా, ఎన్ని మైక్రోలీటర్లు వేశారు అన్నది వెతుకు, ఫలితాల గ్రాఫులు తర్వాత చూడొచ్చు. పసిబిడ్డకు మత్తిచ్చి ఊపిరితిత్తుల నిండా టీకా పోయం కదా!

రెండో మెలిక లెక్కపెట్టే చోట ఉంది. టీకా వేసిన కొన్ని వారాలకు చిట్టెలుకకు క్రిమిని ఎక్కిస్తారు, తర్వాత నిర్ణయించిన రోజుల్లో దాని ఊపిరితిత్తులు తీసి నలిపి, పలుచన చేసి ప్లేట్ల మీద పరుస్తారు. బోర్డే, జంగూ అనే శాస్త్రవేత్తలు 1906లో ఈ క్రిమిని మొదటిసారి పెంచినప్పుడు వాడిన బంగాళాదుంప, గ్లిజరిన్, రక్తం కలిపిన మాధ్యమం ఇప్పటికీ ల్యాబుల్లో ఉంది. ఈకోలై అనే పేగుల్లో ఉండే క్రిమి లాగా రాత్రి పెట్టి పొద్దున్నే చూస్తానంటే కుదరదు, మూడు నాలుగు రోజులైనా ఆగాలి, అప్పుడు పాదరసం బొట్లలా మెరిసే చిన్న చిన్న కాలనీలు పైకి లేస్తాయి. చాలా ఏళ్లు ఈ లెక్క ఊపిరితిత్తులకే పరిమితమైంది. ఊపిరితిత్తులు శుభ్రపడితే టీకా పాసైనట్టే. ముక్కు లోపలి కణజాలం తీసి అక్కడా లెక్కపెట్టడం మొదలుపెట్టాక, సూదితో కొత్త రకం టీకా వేసిన చిట్టెలుకల ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నా ముక్కులో క్రిమి హాయిగా ఉందని కనిపించింది. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో కింగ్‌స్టన్ మిల్స్ బృందం దీనికి కారణం కూడా పట్టుకుంది. ఒకసారి జబ్బు వచ్చి తగ్గినప్పుడు గానీ, పాత రకం టీకా వేసినప్పుడు గానీ, ముక్కు కణజాలంలోనే పాతుకుని ఉండిపోయే ఒక రకం టీ కణాలు, అంటే రోగనిరోధక కణాలు, పుడతాయి, కొత్త రకం టీకా సూదితో వేస్తే అవి పుట్టవు.

దగ్గని జంతువు ఏం చెబుతుంది అన్నావు కదా, ఇది చూడు. ఫ్రాన్స్‌లో లిల్ నగరంలోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో కామిల్ లోక్ట్, నథాలీ మియెల్కరెక్ బృందం బీపీజెడ్‌ఈ1 అనే బలహీనపరిచిన క్రిమిని తయారుచేసింది. క్రిమి చేతిలో ఉన్న మూడు విషాల సంగతి తేల్చారు, పెర్టుసిస్ టాక్సిన్ పనిచేయకుండా మార్చారు, చర్మాన్ని చంపే టాక్సిన్ జన్యువును తీసేశారు, శ్వాసనాళం నూగును నాశనం చేసే మూడోదాన్ని దాదాపు లేకుండా తగ్గించారు. 2006లో వచ్చిన వాళ్ల పేపరులో చిట్టెలుక పిల్లలకు ముక్కులో ఒక్కసారి వేస్తే రక్షణ వచ్చింది. ఆ తర్వాత ఐజీఏ, అంటే ముక్కు, గొంతు జిగురు పొరల మీద కాపలా కాసే యాంటీబాడీ, తయారుచేయలేని చిట్టెలుకల్లో ఇదే టీకా వేసి చూస్తే ముక్కులో రక్షణ పోయింది, రోగనిరోధక కణాలు పంపుకునే ఐఎల్-17 అనే సంకేతం లేని వాటిలోనూ అంతే. అంటే ముక్కును కాపాడేది ఈ దారి అని తేలింది. ఒక్కొక్క జన్యువును తీసేసి “దీనివల్లేనా?” అని అడగగలిగే సౌకర్యం బబూన్‌లో లేదు, పిల్లల్లో అసలే లేదు. చిట్టెలుక విలువ అక్కడుంది.

దగ్గు కావాలంటే వేరే జంతువులున్నాయి. పెద్ద ఎలుకలు, అంటే ల్యాబుల్లో ర్యాట్స్ అనేవి, క్రిమిని ఊపిరితిత్తుల్లోకి ఎక్కిస్తే దగ్గుతాయి. వాటిని గాజు గదిలాంటి పెట్టెలో ఉంచి గాలి ఒత్తిడిలో మార్పులను బట్టి దగ్గులు లెక్కపెడతారు. పుట్టిన నాలుగైదు రోజుల పంది పిల్లల మీద కూడా కెనడాలో పనిచేశారు. కానీ తెరలు తెరలుగా వచ్చే దగ్గు, వారాల పాటు ముక్కులో క్రిమి ఉండటం, పక్క బోనులోని జంతువుకు గాలి ద్వారా అంటుకోవడం, ఈ మూడూ కలిసి కనిపించింది బబూన్‌లోనే. బీపీజెడ్‌ఈ1ను బబూన్‌కు కూడా ఇచ్చారు, 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. టీకా వేసినవి జబ్బు పడలేదు, ముక్కులో క్రిముల లెక్క కూడా టీకా లేని వాటితో పోలిస్తే దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో గట్టి సాక్ష్యం అదే.

ప్రశ్న: కోరింత దగ్గుకు గాడిద పాలు పట్టించమని మా అత్తగారు పట్టుబడుతున్నారు. మంచిదేనా? (ఏలూరు)

వద్దమ్మా. పచ్చిపాలతో చంటిబిడ్డకు ఇంకో ఇన్ఫెక్షన్ తెచ్చిపెట్టినట్టవుతుంది, ఏడాదిలోపు బిడ్డకు తేనె కూడా వద్దు. ఇది క్రిమి వల్ల వచ్చే జబ్బు, దీనికి అజిత్రోమైసిన్ లాంటి మందు ఉంది, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. అత్తగారి ఆరాటం బిడ్డ కోసమే, ఆవిడను కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఆయన నోటితో చెబితే వింటారు.

ప్రశ్న: మూగజీవాలకు కావాలని జబ్బు అంటించి చూడటం నాకు మింగుడుపడటం లేదు. ఇది అవసరమా? (విజయనగరం నుంచి ఒక రిటైర్డ్ టీచర్)

మాస్టారూ, మీకు మింగుడుపడకపోవడమే సరైనది. బోను తలుపు తీసేటప్పుడు నాకూ ప్రతిసారీ మనసు బరువెక్కేది, అలా అనిపించనివాళ్లు ఆ పని చేయకూడదని నా అభిప్రాయం. మన దేశంలో ఇలాంటి ప్రతి ప్రయోగానికీ సంస్థలోని ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, ఎన్ని జంతువులు, ఎందుకు అన్ని, నొప్పి తగ్గించడానికి ఏం చేస్తారు అన్నీ ముందే రాసివ్వాలి.

కానీ ఒక విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అవసరం లేని చోట కూడా అలవాటుగా సాగిపోయే పరీక్షలు ఉన్నాయి. అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్‌లో పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ అనే ఇద్దరు మహిళలు 1930ల్లో పగలు ల్యాబులో పని ముగించుకుని, చీకటి పడ్డాక ఇళ్లకు వెళ్లి, పిల్లల నోటి ముందు ప్లేటు పట్టుకుని దాని మీద దగ్గించి క్రిమిని సేకరించారు. మనం ఇప్పటికీ వాడుతున్న పాత రకం టీకాకు గట్టి పునాది వాళ్లదే. అదే కెండ్రిక్ 1947లో టీకా బలాన్ని కొలవడానికి ఒక పరీక్ష పెట్టారు. టీకా వేసిన చిట్టెలుకల మెదడులోకి క్రిమిని ఎక్కించి ఎన్ని బతుకుతాయో చూడటం. పిల్లల్లో రక్షణతో ఆ లెక్క సరిపోలింది కాబట్టి అది ప్రమాణమై కూర్చుంది. కోరింత దగ్గు మెదడులో వచ్చే జబ్బు కాదు, చిట్టెలుకకు అది పెట్టే బాధ చాలా ఎక్కువ. దానికి బదులు రక్తంలో యాంటీబాడీలు కొలిచే పద్ధతులు తేవాలని ఎన్నో ఏళ్లుగా ప్రయత్నాలు సాగుతున్నాయి, అవి త్వరగా అమల్లోకి రావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను.

బబూన్ల విషయంలో మాత్రం నా జవాబు వేరు. పదుల సంఖ్యలో జంతువులతో చేసిన ఆ ఒక్క ప్రయోగం లేకపోతే ఏ ఇంట్లో పసిబిడ్డకు జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియకుండా ఉండేవాళ్లం.

ప్రశ్న: జంతువుల్లో అంత బాగా పనిచేస్తే ఇంకా ఎందుకు రాలేదు? కోవిడ్‌కి ముక్కు టీకా మన హైదరాబాద్‌లోనే తయారైంది కదా? (ఖమ్మం)

అవును, భారత్ బయోటెక్ ముక్కు టీకాకు 2022లో అనుమతి వచ్చింది. కానీ కోవిడ్ టీకా ఒక వైరస్ మీద, పెద్దవాళ్లకు. ఇక్కడ కావలసింది పసిపిల్లల దాకా వెళ్లగలిగే టీకా. బీపీజెడ్‌ఈ1ను మొదట స్వీడన్‌లో కొద్దిమంది మగవాళ్లకు ఇచ్చి చూశారు, తర్వాత అమెరికాలో 280 మంది పెద్దవాళ్ల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ముక్కులో ఐజీఏ బాగా పుట్టింది, సూది టీకా వేసినవాళ్లలో అలా పుట్టలేదు. చిట్టెలుక, బబూన్ చెప్పిన మాట మనిషిలోనూ నిలబడుతోందన్న ఆశ అక్కడినుంచే.

అయినా తొందరపడకూడదు, దానికి కారణం స్విట్జర్లాండ్. 2000-01 చలికాలంలో అక్కడ ముక్కులో వేసే ఒక ఫ్లూ టీకా వచ్చింది, బలం పెంచడానికి అందులో ఈకోలై విషపదార్థాన్ని కొద్దిగా కలిపారు. వేసుకున్నవాళ్లలో కొందరికి ఒకవైపు ముఖం పక్షవాతం వచ్చింది, టీకాను వెనక్కి తీసుకున్నారు. ముక్కు పైకప్పు నుంచి వాసన నాడులు నేరుగా మెదడుకి వెళ్తాయి, అందుకే ఇప్పుడు ఏ ముక్కు టీకాలో ఏం కలిపినా అది అటువైపు పాకుతుందేమోనని జంతువుల్లో ముందే చూస్తారు.

ప్రశ్న: మా అమ్మాయి పురిటికి న్యూజెర్సీ వెళ్తున్నాం. అక్కడి డాక్టరు మమ్మల్నిద్దరినీ టీడాప్ ఇంజెక్షన్ వేయించుకుని రమ్మన్నారట. మాకు అరవై దాటాయి, ఈ వయసులో కోరింత దగ్గు టీకా ఏమిటి? ముక్కు టీకా వచ్చేదాకా ఆగొచ్చా? (గుంటూరు)

ఆగకండి, వేయించుకోండి, బిడ్డను ఎత్తుకోబోయే కనీసం రెండు వారాల ముందు. పెద్దవాళ్లలో ఈ జబ్బు మామూలు మొండి దగ్గులాగే ఉంటుంది, మీకు తెలియకుండానే మనవడికో మనవరాలికో అంటిస్తారు.

ఐతే పైన బబూన్ల సంగతి చదివారు కాబట్టి నిజం చెప్పాలి. టీడాప్ కూడా ఆ కొత్త రకమే, అది మీకు జబ్బు రాకుండా చాలావరకు ఆపుతుంది గానీ మీ ముక్కులో క్రిమి ఉండకుండా పూర్తిగా ఆపుతుందని నేను హామీ ఇవ్వలేను. అందుకే అన్నిటికంటే ముఖ్యమైన ఇంజెక్షన్ మీది కాదు, మీ అమ్మాయిది. ప్రతి గర్భంలోనూ 27 నుంచి 36 వారాల మధ్య వేస్తారు. తల్లి రక్తంలో పుట్టిన యాంటీబాడీలు మావి ద్వారా బిడ్డకు చేరి, బిడ్డకు సొంత టీకాలు పడేదాకా కాపాడతాయి. ఇది కూడా బబూన్లలో చూశారు, తల్లికి టీకా వేస్తే పుట్టిన పిల్లలు క్రిమిని ఎక్కించినా జబ్బు పడలేదు. ఫోన్ చేసినప్పుడు మీ అమ్మాయి అది వేయించుకుందో లేదో ముందు కనుక్కోండి.

విమానం దిగాక జలుబో దగ్గో ఉంటే, ఎంత ఆత్రంగా ఉన్నా సరే, తగ్గేదాకా మాస్కు పెట్టుకుని బిడ్డకు కొంచెం దూరంగా ఉండండి. వంట, బట్టలు మీరు చూసుకుంటే అమ్మాయికి ఆ మాత్రం సాయం చాలు.